లాటరీ: ఆంధ్ర తీరంలో చరిత్ర, గెలుపు లెక్క

ఎక్కువమంది తలా కొంత కట్టి, చీటీ తీసి, అందులోంచి కొద్దిమందికి బహుమతి ఇచ్చే ఏర్పాటే లాటరీ. డబ్బు కట్టడం, ఫలితం అదృష్టం మీద ఆధారపడటం, బహుమతి ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడే చట్టం దాన్ని లాటరీగా చూస్తుంది. చెన్నై–కోల్‌కతా రహదారి మీద నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ ఉన్న దొరవారిసత్రంలో ఈరోజు చట్టబద్ధంగా ఒక్క లాటరీ టికెట్ కూడా దొరకదు. దక్షిణంగా తడ దాటి తమిళనాడులోకి వెళ్లినా అంతే, అక్కడ 2003లో ఆగిపోయింది. కర్ణాటకలో 2007లో ఆగింది. తెలంగాణలో లేదు, ఒడిశాలో లేదు. టికెట్ కొనాలంటే కేరళ దాకా పోవాలి. అయినా ఈ తీరంలో లాటరీ లేదనలేం. నంబర్ల ఆటగా, లక్కీ డ్రా స్కీముగా, గల్ఫ్ నుంచి వచ్చే వార్తగా, చివరికి మద్యం దుకాణాల కేటాయింపుగా కూడా అది మన మధ్యే తిరుగుతోంది. ఏ రూపంలో ఎదురైనా దాన్ని కొలవడానికి ఒకటే ప్రశ్న చాలు: జనం పెట్టిన ప్రతి రూపాయిలో జనానికి తిరిగొచ్చేది ఎంత?

తొలి రోజులు

పన్ను వేయకుండా ప్రజల నుంచి డబ్బు రాబట్టే మార్గంగా ఐరోపా పాలకులు లాటరీని శతాబ్దాల పాటు వాడుకున్నారు. ఈస్టిండియా కంపెనీ దాన్ని ఇక్కడికి తెచ్చింది. కలకత్తాలో 1813లో పూర్తయిన టౌన్ హాల్ లాటరీ డబ్బుతో లేచిందే. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ నగరంలో వీధులు, చెరువులు, హుగ్లీ ఒడ్డు వెంట రోడ్డు వేయించింది. తర్వాత పాలకుల దృష్టి మారింది. 1870లో భారత శిక్షాస్మృతిలో 294ఎ సెక్షన్ చేర్చి, ప్రభుత్వ అనుమతి లేని లాటరీ కార్యాలయం నడపడాన్ని నేరం చేశారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే నిబంధన 297వ సెక్షన్‌గా కొనసాగుతోంది. ప్రభుత్వం నడిపితే ఆదాయం, ప్రైవేటు వాడు నడిపితే నేరం అన్న విభజన అప్పటిదే.

రాజ్యాంగం కూడా ఈ విభజనను నిలబెట్టింది. పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. ప్రభుత్వాలు నడిపే లాటరీలు మాత్రం కేంద్ర జాబితాలో 40వ అంశం. అంటే జూదాన్ని ఎలా అదుపు చేయాలో రాష్ట్రం నిర్ణయిస్తుంది గానీ, ప్రభుత్వ లాటరీకి నియమాలు రాసేది పార్లమెంటు.

కేరళ, తమిళనాడు, మన బస్టాండ్లు

స్వతంత్ర భారతంలో మొదటి రాష్ట్ర లాటరీ కేరళది. ఆర్థిక మంత్రి పి.కె. కుంజు చొరవతో 1967 నవంబరు 1న టికెట్ విడుదలైంది. ధర ఒక రూపాయి, మొదటి బహుమతి 50,000 రూపాయలు, డ్రా 1968 జనవరి 26న. ఆ 1968లోనే తమిళనాడులో అణ్ణాదురై ప్రభుత్వం అదే దారి పట్టింది. తగిలితే మీ ఇంటికి, తగలకపోతే రాష్ట్రానికి అన్న అర్థంలో అక్కడ ప్రచారం నడిచింది. ఆ ప్రచారంలో ఒక నిజం దాగి ఉంది. తగలని వాళ్లు లక్షల్లో ఉంటేనే రాష్ట్రానికి ఏదైనా మిగులుతుంది.

మద్రాసు రైలు, మద్రాసు బస్సు రోజువారీ జీవితంలో భాగమైన నెల్లూరు దక్షిణ ప్రాంతానికి ఆ టికెట్ దూరపు వస్తువేమీ కాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఒక రాష్ట్రం టికెట్ ఇంకో రాష్ట్రంలో అమ్ముడుపోవడం మామూలైంది. సిక్కిం, నాగాలాండ్, మణిపూర్, పక్క దేశమైన భూటాన్ పేర్లతో అచ్చయిన టికెట్లు దక్షిణాది బస్టాండ్లలో వేలాడేవి. వారానికో నెలకో ఒకసారి తీసే డ్రా రోజువారీ డ్రాగా మారింది. చివరి ఒక్క అంకెకే బహుమతి ఇచ్చే టికెట్లు వచ్చాయి. వీటి వల్లే కూలి డబ్బు సాయంత్రానికి ఇంటికి చేరకుండా పోవడం మొదలైంది. నెలకో రూపాయి టికెట్‌ను ఆశ అనవచ్చు. రోజుకో డ్రాను అలా అనలేం.

అందుకే 1998లో పార్లమెంటు లాటరీల నియంత్రణ చట్టం చేసింది. ముందుగా ప్రకటించిన నంబరు మీద గానీ, ఒకే అంకె మీద గానీ బహుమతి ఉండకూడదు. టికెట్ మీద రాష్ట్ర ముద్ర ఉండాలి, డ్రా రాష్ట్రమే తీయాలి, అదీ ఆ రాష్ట్రంలోనే. అమ్మకం డబ్బు ప్రభుత్వ ఖాతాలో జమ కావాలి. ఎవరూ అడగని బహుమతి ప్రభుత్వానిదే. నియమాలు మీరితే రెండేళ్ల దాకా కఠిన జైలు శిక్ష. ఒక రాష్ట్రం బయటి రాష్ట్రాల టికెట్లను ఆపగలదా అన్న వివాదానికి 1999లో బి.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు ముగింపు పలికింది. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేననీ, తన సొంత లాటరీ కూడా మానుకున్న రాష్ట్రం మాత్రమే ఇతరుల టికెట్లను అడ్డుకోగలదనీ తేల్చింది. 2003 జనవరిలో జయలలిత ప్రభుత్వం తమిళనాడులో అన్ని లాటరీలనూ నిషేధించడంతో దొరవారిసత్రానికి దగ్గరి టికెట్ దుకాణం మూతపడింది.

అచ్చు టికెట్ లెక్క

నేటి కేరళ టికెట్ మీద రెండు అక్షరాల సిరీస్, పక్కన ఆరంకెల నంబరు ఉంటాయి. మొదటి బహుమతికి సిరీసూ ఆరంకెలూ అన్నీ కలవాలి. చిన్న బహుమతులకు చివరి నాలుగంకెలు కలిస్తే చాలు. పేపర్లో ఫలితాలు చూసేవాళ్లు కుడి నుంచి ఎడమకు చదవడం అందుకే. ఇలాంటి ఆటలో గెలుపు లెక్క చాలా సులువు. ఎన్ని టికెట్లుంటే అన్నింట్లో ఒకటి.

కేరళ పండగ ప్రత్యేక డ్రా అయిన 2023 ఓణం బంపర్‌నే తీసుకుందాం. టికెట్ 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు, అమ్ముడైనవి 75 లక్షలకు పైగా. ఒక టికెట్‌కు మొదటి బహుమతి తగిలే అవకాశం 75 లక్షల్లో ఒకటి. వసూలైన మొత్తం 375 కోట్ల పైమాట, బహుమతులన్నీ కలిపి సుమారు 125 కోట్లు. రూపాయికి తిరిగొచ్చింది ముప్పావలా కూడా కాదు, మూడో వంతే. మిగతాది ఎటు పోయింది? అప్పటి 28 శాతం జీఎస్టీ ప్రకారం ప్రతి 500లో దాదాపు 109 రూపాయలు పన్ను. ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. తర్వాత ఏజెంట్ల కమీషన్, అచ్చు ఖర్చు, ప్రభుత్వ మిగులు. గెలిచినవాడి చేతికీ 25 కోట్లు రావు. ఏజెంటు వాటా పది శాతం పోగా 22.5 కోట్లు. దాని మీద 30 శాతం ఆదాయపు పన్ను పోతే 15.75 కోట్లు. సర్‌చార్జీ, సెస్సు ఆ తర్వాత.

కేరళలో కొన్న టికెట్‌కు బయటి రాష్ట్రం వాళ్లూ బహుమతి పొందవచ్చు. 2023 ఓణం బంపర్ తమిళనాడు వాళ్లకు తగిలింది. 2024 జనవరిలో 20 కోట్ల క్రిస్మస్–కొత్త సంవత్సరం బంపర్, శబరిమల యాత్రకు వెళ్లి టికెట్ కొన్న పుదుచ్చేరి భక్తుడికి దక్కింది. మాల వేసుకుని ఏటా అదే దారిన పోయే తెలుగు స్వాముల్లో ఇలాంటి కథలు త్వరగా పాకుతాయి. తగలని లక్షల టికెట్లకు మాత్రం కథ ఉండదు.

నంబర్లు ఎంచుకునే ఆట

రెండో రకం లోటో. ఇందులో టికెట్ నంబరు ముందే అచ్చై ఉండదు. ఆడేవాడే 1 నుంచి 49 దాకా ఉన్న అంకెల్లో ఆరు ఎంచుకుంటాడు. సిక్కిం ప్రభుత్వం పేరిట ప్లేవిన్ కంపెనీ కంప్యూటర్ యంత్రాలతో ఈ ఆటను మన దేశంలో ఇంటింటి మాట చేసింది. డ్రాలో తీసే మొదటి బంతికి 49 అవకాశాలు, రెండోదానికి 48, అలా ఆరోదానికి 44. అన్నీ హెచ్చవేసి, వరుసతో పని లేదు కాబట్టి 720తో భాగిస్తే 1,39,83,816. వారానికి ఒక టికెట్ కొంటూ పోతే సగటున 2,68,000 ఏళ్లకు ఒకసారి తగలాలి. బ్రిటన్ జాతీయ లాటరీ 1994లో ఇదే ఆటతో మొదలై, 2015లో అంకెలను 59కి పెంచింది. పది అంకెలు పెరిగితే అవకాశం 4,50,57,474లో ఒకటికి పడిపోయింది. అమెరికా పవర్‌బాల్‌లో అది 29.22 కోట్లలో ఒకటి.

ఎన్నాళ్లుగానో రాని నంబరు ఇక రావాల్సిందే అనే నమ్మకం ఎంత బలంగా ఉన్నా తప్పే. పోయిన వారం ఏమైందో బంతికి గుర్తుండదు. నంబర్ల ఎంపికతో గెలుపు అవకాశం మారదు గానీ, గెలిస్తే చేతికొచ్చే మొత్తం మారుతుంది. 1995 జనవరి 14న బ్రిటన్‌లో 7, 17, 23, 32, 38, 42 వచ్చాయి. ఆ ఆరింటినీ కట్టినవాళ్లు ఏకంగా 133 మంది. 1.63 కోట్ల పౌండ్లు పంచుకుంటే తలా 1,22,510 పౌండ్లు మిగిలాయి. చీటీ మీద మధ్య వరుసల్లో గీతలు పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. పుట్టినరోజులు కట్టేవాళ్లు 31 దాటరు. ఎక్కువమంది నడిచే ఈ దారులు తప్పించుకుంటే వాటా పంచుకునే బెడద తగ్గుతుంది. లోటోలో ఆటగాడి తెలివి పనిచేసేది అంతమేరకే.

గల్ఫ్ టికెట్

తెలుగువాళ్లకు లాటరీ ఇప్పుడు ఎక్కువగా తగిలేది గల్ఫ్‌లో. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల వాళ్లు కోట్లు గెలిచిన సందర్భాలున్నాయి. 2025 అక్టోబరు 18న యూఏఈ లాటరీలో ఒక తెలుగు యువకుడికి పది కోట్ల దిర్హామ్‌లు, మన లెక్కలో దాదాపు 240 కోట్ల రూపాయలు, తగిలాయి. ఆ ఆటలో 31 రోజుల అంకెల్లో ఆరు, 12 నెలల అంకెల్లో ఒకటి కలవాలి. 31లో ఆరు ఎంచుకునే విధాలు 7,36,281. దాన్ని 12తో హెచ్చిస్తే 88,35,372. అప్పుడు టికెట్ 50 దిర్హామ్‌లు. అందులో ఆ పెద్ద బహుమతి విలువ సగటున 11 దిర్హామ్‌ల చిల్లర.

దీని పక్కన 1999 నుంచి సాగుతున్న దుబాయ్ డ్యూటీ ఫ్రీ డ్రా పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ వెయ్యి దిర్హామ్‌ల టికెట్లు 5,000 మాత్రమే, బహుమతి పది లక్షల డాలర్లు. వసూలైన దానిలో ఆ ఒక్క బహుమతే 70 శాతానికి పైన. కానీ టికెట్ ధర కూలీకి అందేది కాదు. అందుకే గదిలో పదిమంది కలిసి కొనడం అక్కడ ఆనవాయితీ.

నంబర్ లాటరీ, మట్కా

టికెట్ పోయిన చోట చీటీ ముక్క వచ్చింది. తమిళనాడులో కేరళ ఫలితాల చివరి అంకెల మీద పందేలు కట్టించే దొంగ లాటరీ నిషేధం తర్వాతా నడుస్తోంది. ఆంధ్రలో దానికి దగ్గరి చుట్టం మట్కా. ఒకప్పుడు న్యూయార్క్ పత్తి ధరల మీద బొంబాయిలో కట్టిన పందేల నుంచి పుట్టి, 1960ల్లో కల్యాణ్‌జీ భగత్, రతన్ ఖత్రీల చేతుల్లో పెరిగి, ప్రొద్దుటూరు, తాడిపత్రి లాంటి ఊళ్లలో పాతుకుపోయింది. పందేలు కట్టించుకునే బీటరు చీటీ రాసుకుంటాడు, ఆట నడిపే కంపెనీదారు గెలిచినవాళ్లకు డబ్బు కడతాడు. 00 నుంచి 99 దాకా ఒక జత కడితే అవకాశం నూటికి ఒకటి. తగిలితే రూపాయికి సాధారణంగా 80 నుంచి 90.

లెక్క ప్రకారం ఇది ప్రభుత్వ బంపర్ కంటే ఉదారంగా కనిపిస్తుంది. రూపాయిలో 80, 90 పైసలు తిరిగొస్తాయి. అయినా ఇళ్లు ముంచింది ఇదే. బంపర్ ఏడాదికి ఆరుకు మించకూడదని చట్టం. మట్కా రోజూ ఉంటుంది, అప్పు మీద కూడా నడుస్తుంది. తిరిగొచ్చిన 90 మళ్లీ పందెంలోకే పోతే అందులోంచి ఇంకో పది శాతం పోతుంది, అలా కరిగిపోతుంది. నూరు రోజులు పట్టుబట్టి ఒకే జత కట్టినా ఒక్కసారీ తగలకపోయే అవకాశం 36 శాతానికి పైనే. పైగా కంపెనీదారు ఎగ్గొడితే అడగడానికి చోటు లేదు.

నెలనెలా వాయిదా కట్టించుకుని, డ్రాలో పేరొచ్చినవాడికి బండో ఫ్రిజ్జో ఇచ్చి, అతను ఇక కట్టక్కర్లేదనే లక్కీ డ్రా స్కీములు ఇదే కోవలోవి. గెలిచినవాడు మానేసిన వాయిదాల భారం మిగతావాళ్ల మీదే పడుతుంది. ప్రైజ్ చిట్లు అనే ఈ స్కీములను 1978లో పార్లమెంటు నిషేధించింది. పాట పాడుకునే చిట్టీ వేరు. అందులో ప్రతి సభ్యుడికీ తన వంతు సొమ్ము వస్తుంది. దానికి 1982 చట్టం, రిజిస్ట్రారు ఉన్నారు.

ప్రభుత్వం తీసే డ్రాలు

లాటరీ లేని రాష్ట్రంలో ఇటీవల జరిగిన ఒక పెద్ద డ్రా ప్రభుత్వానిదే. 2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు జిల్లా కేంద్రాల్లో చీటీలు తీశారు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారిన దొరవారిసత్రం మండలానికి ఆ డ్రా తిరుపతిలో. దరఖాస్తులు 89,882. ఒక్కోదానికి రెండు లక్షలు, తిరిగి ఇవ్వనిది. ఖజానాకు దాదాపు 1,798 కోట్లు చేరాయి. దుకాణానికి సగటున 26 మందికి పైగా పోటీ. తెలంగాణలో 2023లో 2,620 దుకాణాలకు 1,31,954 దరఖాస్తులు వచ్చాయి. అక్కడ ఒక్కో దుకాణానికి 50 మంది. డబ్బు, అదృష్టం, బహుమతి మూడూ ఇక్కడున్నాయి. ఓడినవాడికి రూపాయి కూడా తిరిగి రాదు.

అర్హులు ఎక్కువై, ఇవ్వాల్సింది తక్కువైనప్పుడు చీటీ తీయడం న్యాయమైన పద్ధతే. ఆ న్యాయానికి రెండు లక్షల రుసుము అవసరం లేదు. తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన సేవలకు తితిదే నడిపే లక్కీ డిప్‌లో పేరు నమోదు ఉచితం. ఎంపికైనవాళ్లే టికెట్ డబ్బు కడతారు, మిగతావాళ్లు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఒకే జిల్లాలో నడిచే ఈ రెండు డ్రాల్లో భక్తులది లాటరీ కాదు, దుకాణాలది అవునన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫోన్లో వచ్చే లాటరీ

కొనని టికెట్‌కు బహుమతి తగిలిందంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాలు ఇప్పుడు ఊళ్లలో జరిగే అసలు నష్టం. టీవీ కార్యక్రమం పేరు చెప్పి 25 లక్షలనీ, కేరళ లాటరీ అనీ నమ్మించి, ముందుగా జీఎస్టీ కట్టమంటారు. కేరళ ప్రభుత్వం అమ్మేది కాగితం టికెట్ మాత్రమే, ఆన్‌లైన్‌లో అమ్మదు. టికెట్ మీది జీఎస్టీ ధరలోనే కలిసి ఉంటుంది. గెలుపు మీది ఆదాయపు పన్నును బహుమతి ఇచ్చేవాళ్లే కోసుకుని మిగతాది చెల్లిస్తారు. గెలిచినవాడు ఎదురు కట్టే లాటరీ ఏ రాష్ట్రంలోనూ లేదు. డబ్బు పంపేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము ఇంకా చేతులు మారకముందే బ్యాంకు ఖాతాలో ఆపించే వీలుంటుంది.