తెరచాప బండి: వెనుక నుంచి ముందుకు వచ్చిన చుక్కాని

గాలి బలంతో నేల మీద పరుగెత్తే తెరచాప బండి నౌకా నిర్మాణం నేర్పిన తెలివితోనే రూపొందింది కనుక, దానిని మళ్లించే ఏర్పాటు కూడా ఓడ చుక్కానిలాగా చాలాకాలం వెనుక భాగంలోనే ఉండేది. ఐరోపాలో దీనికి ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ గణితవేత్త సైమన్ స్టెవిన్ 1600 ప్రాంతంలో డచ్ యువరాజు మారిస్ కోసం తయారుచేసిన రెండు స్తంభాల బండి. స్కెవెనింగెన్ నుంచి పెటెన్ దాకా తీరపు ఇసుక మీద సాగిన దాని ప్రయాణంలో పండితుడు హ్యూగో గ్రోషియస్ కూడా పాల్గొన్నాడు. ఆ బండిని వెనుక ఇరుసు తిప్పి నడిపేవారు.

ఇరుసంతా ఒక్క మేకు మీద తిరిగితే, మలుపులో చక్రాల మధ్య ఆధారం ఇరుకై బండి ఒరిగే ప్రమాదం ఉంటుంది. దీనికి విరుగుడుగా మ్యూనిక్ బండ్ల నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ రూపొందించగా 1818లో ఇంగ్లండులో రుడాల్ఫ్ అకర్‌మన్ పేరిట పేటెంటు పొందిన పద్ధతిలో, ఇరుసు కదలకుండా ఉండి చక్రాలు మాత్రమే వేర్వేరుగా తిరుగుతాయి. మలుపు లోపలి చక్రం చిన్న వృత్తంలో నడవవలసి ఉంటుంది కాబట్టి అది బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరుగుతుంది. మూడు చక్రాల బండిలో తిరిగే చక్రం ఒక్కటే గనుక ఈ చిక్కు ఉండదు; అయితే ఆ ఒక్క చక్రాన్ని ముందు ఉంచాలా, వెనుక ఉంచాలా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు గడ్డకట్టిన సరస్సుల మీద దొరికింది. అమెరికాలోని పాత మంచు పడవలకు, అంటే చక్రాలకు బదులు ఉక్కు పట్టాల మీద జారే తెరచాప వాహనాలకు, తిరిగే పట్టా వెనుక ఉండేది. ఈదురుగాలి వీచినప్పుడు ఎత్తున ఉన్న తెరచాప మీద పడిన ఒత్తిడి ముక్కును కిందికి వంచి వెనుక భాగాన్ని తేల్చేది కనుక, పట్టు తప్పిన పడవ గిర్రున తిరిగిపోయేది. 1930ల తొలినాళ్లలో విస్కాన్సిన్ నిర్మాతలు తిరిగే పట్టాను ముందుకు మార్చడంతో, పడవను తిప్పేసిన ఆ ఒత్తిడే ఇప్పుడు పట్టాను మంచుకు అదిమి పెట్టసాగింది. 1937లో డెట్రాయిట్ న్యూస్ పత్రిక కార్ఖానాలో రూపుదిద్దుకొని, ఇంట్లో తయారుచేసుకోవడానికి అనువైనదిగా పేరుపొందిన డీఎన్ పడవ కూడా ఈ అమరికనే అనుసరించింది.

చక్రాల బండ్లలోనూ ఇదే అమరిక వ్యాపించాక, చక్రం తిరిగే అక్షం వాలు మీదికి దృష్టి మళ్లింది. అక్షాన్ని కిందికి పొడిగించిన గీత, చక్రం నేలను తాకే చోటుకు కాస్త ముందుగా నేలను చేరితే, సైకిలు ముందు చక్రంలాగే అది తనంతట తాను తిన్నని దారికి వస్తుంది. ఆ దూరం మరీ పెరిగితే తిప్పడం బరువవుతుంది, లేకపోతే చక్రం వణుకుతుంది. ఇంటి పెరటిలో బండి కట్టుకునేవారు సైకిలు ఫోర్కును ఉపయోగిస్తే ఈ లెక్కలో చాలా భాగం సిద్ధంగా దొరుకుతుంది, కాని ముందు చక్రం మీద తగినంత బరువు పడేలా నడిపేవాని ఆసనాన్ని అమర్చడం మాత్రం వారే చూసుకోవాలి; నేలను గట్టిగా తాకని చక్రం ఎంత చక్కని కోణంలో ఉన్నా బండిని మళ్లించలేదు.