ముందు తెలిసింది కార్మికులకే

భోపాల్ అనగానే అందరికీ 1984 డిసెంబరు 2-3 రాత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం 1982 గుర్తొస్తుంది. అంతకుముందు డిసెంబరులోనే యూనియన్ కార్బైడ్‌లో ఒక ఆపరేటరు ఫాస్జీన్ తగిలి చనిపోయాడు. దాంతో యూనియన్ వాళ్ళు ఈ ఫ్యాక్టరీ ప్రమాదం బాబోయ్ అని ఊళ్ళో పోస్టర్లు అంటించారు. ఎవరు పట్టించుకున్నారు! పైగా ఖర్చు తగ్గించాలని మిథైల్ ఐసోసయనేట్ యూనిట్లో షిఫ్టుకి 12 మంది ఆపరేటర్లని 6కి కుదించారు. ("రిసోర్స్ ఆప్టిమైజేషన్" మనకి కొత్తేం కాదుగా.)

ఆ రాత్రి పదకొండున్నర ప్రాంతంలో లీకుని ముందు పసిగట్టింది మీటర్లు కాదు, కార్మికుల కళ్ళమంటలు. సూపర్‌వైజరుకి చెప్తే టీ అయ్యాక చూద్దాం అన్నాడట. చిన్నచిన్న లీకులు అక్కడ మామూలే మరి. రోజూ వచ్చే అలర్టుని మనం మ్యూట్ చేసి పెట్టుకోమూ?

వేలమంది పోయాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 41-జి ప్రకారం ప్రమాదకర ప్రక్రియలుండే చోట కార్మికులూ యాజమాన్యమూ సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ పెట్టాల్సి ఉండేది. నాకు నచ్చింది 41-హెచ్. ప్రాణాపాయం ఉందని కార్మికులు చెప్తే, యజమానికి నమ్మకం కుదరకపోయినా సరే, విషయాన్ని వెంటనే ఇన్‌స్పెక్టరుకి పంపి తీరాల్సి ఉండేది. ఉందో లేదో తేల్చేది ఆయనే.

చెప్పే హక్కు ఇచ్చారు కానీ పని ఆపే హక్కు మాత్రం ఇవ్వలేదు. టొయోటాలో అప్పటికే లైన్లో ఏ కార్మికుడైనా తాడు లాగి ఆపెయ్యొచ్చు. అక్కడ ఆపింది కారు నాణ్యత కోసం!