సోమశిల తీరమున వనరక్షణము

కృష్ణాతీరమందలి సోమశిల పురాతన క్షేత్రము. శ్రీశైల జలాశయమువలన ముంపు తటస్థింపగా సోమేశ్వరాలయమును మిట్టకుఁ దరలించి మరల నిలిపిరి. గుడిని తరలింపవచ్చును, చెంతనున్న నల్లమల యడవిని తరలింపరాదు. అది యున్నచోటనే మరల పెరుగవలెను.

1988 నాటి జాతీయ అటవీ విధానము గ్రామస్థులను వనరక్షణమున భాగస్వాములుగా నెంచెను. 1992లో నాటి ఆంధ్రప్రదేశమున వన సంరక్షణ సమితులు వెలసెను. క్షీణించిన యడవిని ఊరూరికిఁ బంచి, ఇంటికొక స్త్రీని, ఒక పురుషుని సభ్యులుగాఁ జేసిరి. గొడ్డలిని, మేతను, కార్చిచ్చును ఆపినచో టేకు, మోదుగు మోడులనుండియే పిలకలు లేచును. నాటవలసిన పని తగ్గును.

ప్రపంచబ్యాంకు ఋణముతో 2002లో మొదలైన పథకము ముగియఁగానే పెక్కు సమితులు నిద్రించినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము, సంప్రదాయముగా కాపాడుకొనుచు వచ్చిన వనమును రక్షించి పునరుద్ధరించు హక్కును గ్రామసభల కొసఁగినది. ధనము నిలిచినను హక్కు నిలిచియున్నది.

మేము మనవిచేయున దొక్కటి. మేత మానుకొను కష్టము పేద మేకలకాపరిపైననే పడుట ధర్మముగాదు. మందలుగల మన సంఘీయులే ముందుగాఁ దమ పశువులను కట్టి మేపవలెను. అప్పుడే యితరుల నడుగు యోగ్యత మనకుఁ గలుగును.