జబ్బు సెలవులో పేరుకునే వేతన సెలవు

బ్రిటన్‌లో వేతన సెలవుపై 1938లోనే చట్టం వచ్చినా, దాదాపు కార్మికులందరికీ అది హక్కుగా దక్కింది 1998 అక్టోబరులో. ఏటా కనీసం నాలుగు వారాల సెలవు ఇవ్వాలన్న 1993 నాటి యూరోపియన్ ఆదేశం దానికి మూలం. నెలల తరబడి మంచాన పడిన ఉద్యోగి సంగతి మాత్రం ఆ నిబంధనలు తేల్చలేదు. పనికే రానివారికి పని నుంచి విశ్రాంతి ఎందుకన్నది యజమానుల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది; 2005లో అప్పీలు కోర్టు దాన్నే సమర్థించింది. ఆ కేసులో యజమాని సాక్షాత్తూ ప్రభుత్వ పన్నుల శాఖే కావడం విశేషం.

వ్యవహారం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి చేరింది. జబ్బు సెలవు కోలుకోవడానికి, వార్షిక సెలవు సేదతీరడానికి. ఒకటి మరొకదాన్ని మింగరాదని 2009 జనవరి 20న తీర్పు వచ్చింది. జబ్బుతో వాడుకోలేని సెలవు రద్దు కాదు. ఉద్యోగం ముగిస్తే దానికి డబ్బు చెల్లించాలి. జర్మనీలో ఇదే చిక్కుతో వచ్చిన కేసుకూ అదే తీర్పు వర్తించింది.

ఏళ్ల తరబడి పేరుకుంటే ఎలా? పదిహేను నెలల గడువు పెట్టవచ్చని అదే న్యాయస్థానం 2011లో ఒప్పుకుంది. బ్రిటన్ ట్రిబ్యునల్ 2015లో పద్దెనిమిది నెలలు ఖాయం చేసింది. 2024 జనవరి నుంచి ఆ గడువు నిబంధనల్లోనే రాసి ఉంది.