బారెండ్రెక్ట్ కార్బన్ నిల్వ వివాదం

నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్‌కు దక్షిణాన ఉన్న బారెండ్రెక్ట్ పట్టణం అడుగున కార్బన్ డయాక్సైడ్‌ను నిల్వ చేయాలన్న ప్రతిపాదనపై 2008–2010 మధ్య తలెత్తిన వివాదం ఇది. భూగర్భ కార్బన్ నిల్వపై ప్రజాభిప్రాయం గురించి మాట్లాడేటప్పుడు తరచూ ప్రస్తావనకు వచ్చే ఉదంతం.

పెర్నిస్‌లోని తన చమురు శుద్ధి కర్మాగారం నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పైపులైను ద్వారా తెచ్చి, సహజవాయువు తోడేసిన రెండు క్షేత్రాల్లోకి పంపాలని షెల్ సంస్థ తలపెట్టింది. ఒకటి దాదాపు 1,700 మీటర్ల లోతున, మరొకటి 2,700 మీటర్ల లోతున ఉన్నాయి. రెండింటిలో కలిపి సుమారు కోటి టన్నులు పడుతుందని అంచనా. లక్షల ఏళ్లుగా సహజవాయువును పైకి రానివ్వని రాతిపొర దీన్నీ ఆపుతుందని నిపుణులు చెప్పారు. శాస్త్రపరంగా అది గట్టి వాదనే. అయినా జనం ఒప్పుకోలేదు.

దాన్ని అజ్ఞానంగా కొట్టిపారేయడం అన్యాయం. లీకేజీ భయం ఉన్న మాట నిజమే, ఇళ్ల ధరలు పడిపోతాయన్న బెంగా ఉంది. అయితే అసలు కోపం వేరే చోట ఉంది. పట్టణాన్ని చీల్చుకుంటూ పోయే తొమ్మిది రైలు పట్టాలకు కిలోమీటరున్నర పొడవున పైకప్పు వేయాల్సి వచ్చిన ఊరది. దేశ ప్రయోజనం పేరిట ఇప్పటికే ఎంతో మోశామని, ఈ భారమూ మా నెత్తినేనా అని వాళ్లు నిలదీశారు. పైగా స్థలం, పద్ధతి, కంపెనీ అన్నీ ఖరారయ్యాకే స్థానికులతో సమావేశాలు మొదలయ్యాయి. లాభాల్లో ఉన్న కంపెనీకి ప్రభుత్వం 3 కోట్ల యూరోల సాయం ఇవ్వడం అనుమానాన్ని పెంచింది.

2009లో పురపాలక సభ వ్యతిరేకించింది. అయినా అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది. డిసెంబరులో మంత్రులు మరియా వాన్ డెర్ హూవెన్, జాక్వెలిన్ క్రామర్ నచ్చజెప్పడానికి వస్తే, సభలో ఆగ్రహం కట్టలు తెంచుకుంది. 2010 నవంబరులో మంత్రి మాక్సిమ్ వెర్హాగెన్ ప్రాజెక్టును రద్దు చేశారు. జరిగిన జాప్యంతో పాటు స్థానికుల మద్దతు బొత్తిగా లేకపోవడాన్నీ కారణంగా చూపారు. మరుసటి ఏడాది ఉత్తర ప్రాంతంలో నేలకింద నిల్వ ఆలోచననూ విరమించుకున్నారు.

ఆ తర్వాత దృష్టి సముద్రం వైపు మళ్లింది. రాటర్‌డామ్ ఓడరేవు పరిశ్రమల కార్బన్‌ను ఉత్తర సముద్రపు అడుగునున్న పాత గ్యాస్ క్షేత్రాలకు చేర్చే పోర్తోస్ పథకానికి 2023 అక్టోబరులో తుది పెట్టుబడి నిర్ణయం వెలువడింది.