మార్నింగ్ షో తీర్పు

2003 ఏప్రిల్‌లో వారం తేడాతో రెండు సినిమాలు విడుదలయ్యాయి. 19న రవితేజ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, 25న పవన్ కల్యాణ్ ‘జానీ’. రెండింటిలోనూ హీరో రింగులోకి దిగుతాడు. రెండింటిలోనూ అతని వెనుక ఒక ఆడమనిషి ఉంటుంది. ఒకదాంట్లో కన్నుమూసిన తల్లి, ఇంకోదాంట్లో బ్లడ్ క్యాన్సర్‌తో పోరాడే భార్య. మొదటి సినిమా పెద్దగా హడావిడి లేకుండా వచ్చింది. రెండోదాని కోసం పవన్ అంతకుముందు సినిమా ‘ఖుషి’ విడుదలైన 2001 ఏప్రిల్ నుంచి జనం రెండేళ్లు ఎదురుచూశారు. చివరికి ఎదురుచూసిన సినిమా పోయింది, ఎవరూ అంతగా ఊహించనిది ఆడింది. తెలుగు ప్రేక్షకుడు ఫైట్ సినిమాను దేన్నిబట్టి తూస్తాడో తెలుసుకోవాలంటే ఈ రెండు తీర్పుల దగ్గర కాసేపు ఆగాలి.

ఆ తీర్పులు తొందరగా తేలే చోటు హైదరాబాద్‌లోని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి, ఓడియన్, సప్తగిరి, శ్రీ మయూరి థియేటర్లన్నీ నడిచి చేరుకునేంత దూరంలో ఉండేవి. నారాయణగూడ వైపు వెళ్తే శాంతి, దీపక్. చుట్టూ అద్దె గదులు, హాస్టళ్లు. నల్లకుంట, విద్యానగర్‌లలో ఉస్మానియా విద్యార్థులు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చినవాళ్లు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదివేవాళ్లు. వీళ్లలో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. మార్నింగ్ షో విడవగానే ఎస్టీడీ బూత్ దగ్గర వరస కట్టి ఊళ్లో స్నేహితుడికి సినిమా ఎలా ఉందో చెప్పేవాళ్లు. క్రాస్‌రోడ్స్‌లో పుట్టిన టాక్ సాయంత్రానికి ఖమ్మం, కర్నూలు చేరడం వెనుక ఉన్న యంత్రాంగం అదే. ఐడిల్‌బ్రెయిన్ లాంటి వెబ్‌సైట్లు 1999 ప్రాంతంలో మొదలయ్యాయి గానీ, ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకంటే గేటు దగ్గర నిలబడి అడిగేవాళ్లే ఎక్కువ.

ఫైట్ సినిమా గురించి గేటు దగ్గర అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: డూపా, సొంతంగా చేశాడా? ఆ ప్రశ్నకు వయసు ఎక్కువే. బ్రూస్‌లీ 1973 జూలై 20న చనిపోయాడు. మరుసటి నెలే ‘ఎంటర్ ద డ్రాగన్’ అమెరికాలో విడుదలై ప్రపంచమంతా తిరిగింది. చనిపోయిన మనిషి తెరమీద అంత వేగంగా కదలడం చూసిన తరానికి కత్తియుద్ధాలు, ఉత్తుత్తి పిడిగుద్దులు ఆనలేదు. 1980లలో సుమన్, భానుచందర్‌లకు దక్కిన ఆదరణలో వాళ్లు నిజంగా కరాటే నేర్చుకున్నవాళ్లన్న నమ్మకానికి పెద్ద వాటా ఉంది. కాలు లేపితే అది నేర్చుకున్న కాలే అని చూసేవాడికి తెలిసిపోతుంది.

ఆ నమ్మకాన్ని పవన్ కల్యాణ్ ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. చెన్నైలో షిహాన్ హుసైని దగ్గర కరాటే నేర్చుకున్న కుర్రాడు 1996లో ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’లో డూపు లేకుండా విన్యాసాలు చేశాడు. 1999 జూలై 15న వచ్చిన ‘తమ్ముడు’లో శిక్షణ ఘట్టానికి హాల్లో ఈలలు మోగాయి. కారు చక్రం చేతివేళ్ల మీదుగా పోతుంటే ఊపిరి బిగబట్టి చూశారు. కానీ ఆ సినిమాను ఆడించింది చక్రం కిందపడ్డ వేళ్లు మాత్రమే కాదు. హిందీ ‘జో జీతా వహీ సికందర్’ ఆధారంగా పి.ఎ.అరుణ్ ప్రసాద్ తీసిన ఈ కథలో సైకిల్ పందెం కిక్ బాక్సింగ్ అయింది. తండ్రి డబ్బు తగలేసే జులాయి, అన్న దెబ్బతిని మంచాన పడ్డాక రింగులోకి దిగుతాడు. ప్రతి ఇంట్లో అలాంటి తమ్ముడు ఒకడు ఉంటాడు కాబట్టి, చివరి బౌట్‌లో అతను తింటున్న దెబ్బలు చూసేవాళ్లకు తగిలాయి.

2001లో ఎన్.శంకర్ ‘భద్రాచలం’తో శ్రీహరి కూడా యుద్ధకళనే నమ్ముకున్నాడు. బాలానగర్‌లో పెరిగిన బాడీబిల్డర్ ఆయన. ‘భద్రాచలం’లో సుద్దాల అశోక్‌తేజ రాసిన స్ఫూర్తిగీతం సినిమాను దాటిపోయి హాస్టల్ గదుల్లో, ఉద్యమ సభల్లో మోగింది.

ఇక 2003కి వస్తే, ‘జానీ’కి కథ, దర్శకత్వం పవన్ కల్యాణ్‌వే. నిర్మాత అల్లు అరవింద్. ఇందులో ఫైట్లు కొత్తరకం. గాల్లో గింగిరాలు, పది మందిని ఒకేసారి ఎగరేయడాలు తక్కువ. చెయ్యి మెలితిప్పి లొంగదీసే పట్టులు, దగ్గరగా జరిగే కొట్లాట ఎక్కువ. అమెరికాలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ యుఎఫ్‌సీ 1993లోనే మొదలైనా, ఇక్కడ టీవీలో ఆ పోటీలు చూసినవాళ్లు తక్కువ. కాబట్టి ఆ పట్టుల్లోని పనితనం చాలామందికి అందలేదు. పైగా అభిమాని వచ్చింది ‘ఖుషి’లోని అల్లరి కోసం. తెరమీద కనిపించింది ఆసుపత్రి, మందుల ఖర్చు, డబ్బు కోసం దెబ్బలు తినే భర్త. కథ నెమ్మదిగా సాగింది. మార్నింగ్ షో నుంచి బయటికొచ్చినవాళ్ల ముఖం చూసి మ్యాట్నీ వాళ్లకు సంగతి అర్థమైపోయింది. ఆ తీర్పు కఠినమైనదే కానీ అన్యాయమైనది కాదు. భార్య మీది ప్రేమ మాటల్లో వినిపించినంతగా సన్నివేశాల్లో పండలేదు.

పూరి జగన్నాథ్‌కి ఆ చిక్కు రాలేదు. ‘తమ్ముడు’ని కన్నడంలో శివరాజ్‌కుమార్‌తో ‘యువరాజ’గా 2001లో తీసిన దర్శకుడే ఆయన. రింగు చుట్టూ ఏం ఉండాలో అప్పటికే తెలుసు. ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో కిక్ బాక్సింగ్ కంటే ముందు జయసుధ, రవితేజల మధ్య స్నేహితుల్లాంటి చనువు నిలబడుతుంది. ఆ తల్లి సగంలో చనిపోతే హాలంతా నిశ్శబ్దమవుతుంది. ఆ తర్వాత వదిలేసి పోయిన తండ్రిగా, కోచ్‌గా ప్రకాశ్‌రాజ్ ఎదురుపడతాడు. కొడుకు కోపం, శిష్యుడి అవసరం ఒకే మనిషి మీదకు మళ్లుతాయి. ఫైట్‌కి అంతకంటే బలమైన కారణం ఏ రచయితకు దొరుకుతుంది? మరుసటి ఏడే తమిళంలో జయం రవితో ‘ఎం.కుమరన్ సన్నాఫ్ మహాలక్ష్మి’గా, కన్నడంలో పునీత్‌తో ‘మౌర్య’గా ఆ కథ మళ్లీ వచ్చింది.

పందొమ్మిదేళ్ల తర్వాత అదే పూరి, అదే తల్లీకొడుకులు, మళ్లీ రింగు. 2022 ఆగస్టు 25న ‘లైగర్’. విజయ్ దేవరకొండ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ వీరుడు, రమ్యకృష్ణ తల్లి. సినిమా చివర్లో సాక్షాత్తూ మైక్ టైసన్. విజయ్ పెంచిన కండలు, పడ్డ కష్టం కనిపించాయి, దాన్ని ఎవరూ కాదనలేదు. అయితే ఎస్టీడీ బూత్‌లు ఎప్పుడో పోయాయి. గేటు బయట యూట్యూబ్ ఛానళ్ల మైకులు సిద్ధంగా ఉన్నాయి, ఇంటర్వెల్‌కే ఫోన్లలో మాట తిరిగింది. ప్రేమకథ అతకలేదని, రెండో సగం చేయి దాటిందని, టైసన్‌ని తీసుకొచ్చి నవ్వులపాలు చేశారని జనం తేల్చేశారు. 2003లో ఆ తల్లి కోసం ఏడ్చినవాళ్లకు ఈ తల్లి అరుపులే వినిపించాయి.

తీర్పు చెప్పే చోటు కూడా అలాగే లేదు. సుదర్శన్ 70 ఎంఎం లేదు, ఓడియన్ రూపు మారింది. 2020 ఫిబ్రవరి నుంచి మెట్రో నేరుగా క్రాస్‌రోడ్స్‌లో దింపుతోంది, 2023 నుంచి స్టీల్ బ్రిడ్జి తలపై నుంచి పోతోంది. 2024 డిసెంబర్ 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రీమియర్ వేళ సంధ్య దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. తొలి ఆట చూడాలన్న ఆత్రానికి ఇంత ఖరీదు ఉండకూడదు.

యుద్ధకళల విషయంలో మాత్రం ప్రేక్షకుడి కన్ను పదునెక్కింది. యుఎఫ్‌సీ పోటీలు ఫోన్లో చూసే కుర్రాళ్లు ఇప్పుడు ‘జానీ’ ఫైట్ల ముక్కలు వెతికి చూస్తున్నారు. ఆ పట్టు పేరేంటో, అది ఎలా బిగుస్తుందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. సినిమా ఎలా ఉందని అడిగితే మాత్రం కథ నెమ్మది అనే అంటారు.