పోప్ గారి మాట నచ్చని ఫాదర్

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఇక్కడ రాస్తున్నా.

మా గ్యాంగులో ఒక తమ్ముడు బిగ్ బ్యాంగ్ వీడియో చూసి శుక్రవారం ప్రార్థనకి రావడం మానేశాడు. ఇంకొకడు వేరే వీడియో చూసి అదే బిగ్ బ్యాంగ్ ఆదికాండానికి రుజువు అంటాడు. రూములో ఇద్దరికీ మాటల్లేవు. ఆ సిద్ధాంతానికి మొదటి రూపం ఇచ్చింది ఒక క్యాథలిక్ ఫాదర్ అని ఇద్దరికీ తెలియదు.

ఆయన జార్జ్ లెమైత్ర్, బెల్జియం మనిషి. 1894లో పుట్టారు. మొదట చదివింది సివిల్ ఇంజనీరింగ్, అంటే మన లైనే! 1914లో యుద్ధం వస్తే సైన్యంలో చేరారు. తిరిగొచ్చాక ఇంజనీరింగ్ వదిలి లెక్కలు, ఫిజిక్స్ పట్టుకున్నారు. 1923లో ఫాదర్ అయ్యారు, ఆ ఏడే కేంబ్రిడ్జ్‌లో ఎడింగ్టన్ దగ్గర చేరారు.

1927లో విశ్వం సాగుతోందని ఫ్రెంచిలో వ్యాసం రాశారు. ఐన్‌స్టీన్ చూసి, లెక్క సరే గానీ ఫిజిక్స్ మాత్రం ఘోరం అన్నారట. 1931లో ఇంకో అడుగు వేసి, అంతా ఒకే ఆది అణువు నుంచి మొదలై ఉండొచ్చు అన్నారు. చర్చి మనిషి కదా, సృష్టి కథకి లెక్కలు తొడిగాడని కొందరికి అనుమానం.

1951 నవంబర్‌లో పోప్ పన్నెండో పయస్ వాటికన్ సైన్స్ అకాడమీలో మాట్లాడుతూ, కొత్త ఖగోళశాస్త్రం సృష్టికి సాక్ష్యం పలుకుతోంది అన్నట్టు చెప్పారు. ఇంకొకరైతే పొంగిపోయేవారు. లెమైత్ర్‌కి నచ్చలేదు. తనది ఇంకా పరీక్షలో ఉన్న ఊహ, దానికీ మతానికీ ముడి పెట్టొద్దు, నమ్మేవాడికీ నమ్మనివాడికీ అది ఒకటే అని ఆయన పట్టు. విశ్వాసం లేక కాదు, చనిపోయేదాకా ఫాదర్‌గానే ఉన్నారు. క్యూరింగ్ కాని స్లాబు మీద గోడ లేపితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!

పోప్ గారి సలహాదారుతో ఆయన మాట్లాడారంటారు. 1952 సెప్టెంబర్‌లో రోమ్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అక్కడికి వచ్చిన వాళ్లతో పోప్ మాట్లాడినప్పుడు ఆ రుజువు మాట ఎత్తలేదు. అదే సభలో వాల్టర్ బాడే అనే ఆయన లేచి, గెలాక్సీల దూరాలు మనం అనుకున్నదానికి దాదాపు రెండింతలు అని చెప్పారు. దాంతో విశ్వం వయసు లెక్క కూడా రెట్టింపైంది. పాత అంకె మీద నమ్మకం కట్టుకున్నవాడుంటే ఆ రోజు ఏం చేసేవాడు?

ఆది పేలుడు మిగిల్చిన రేడియేషన్‌ని 1965లో అమెరికాలో కనిపెట్టినట్టు ప్రకటించారు. లెమైత్ర్ అప్పటికే జబ్బు మనిషి. 1966 జూన్‌లో కన్నుమూసే ముందు ఆస్పత్రిలో ఉండగా ఆ కబురు ఆయనకి చేరింది. తెచ్చింది ఆయన అసిస్టెంటే.